‘శర శశి షట్క’ పద్యంలో రంధ్రం అంటే సున్నానా, తొమ్మిదా?

కందుకూరు నుంచి ప్రశ్న:
మాస్టారూ, లెక్కల్ని తెలుగు పద్యాల్లో చెప్పిన పాతకాలపు కవి పావులూరి మల్లనదిగా చెప్పుకునే ఈ చంపకమాల పిల్లలకు నేర్పిస్తున్నాను.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

ఇందులో ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు: శరం (బాణం) అంటే 5, శశి (చంద్రుడు) అంటే 1, అలాగన్నమాట. చదరంగం గళ్లలో 1, 2, 4 అని రెట్టిస్తూ పోతే 64 గళ్లకూ కలిపి వచ్చే మొత్తం ఇది. ‘రంధ్ర’ దగ్గర పిల్లలు సున్నా వేస్తున్నారు. ఎలా ఒప్పించాలి?

ఒంగోలు నుంచి జవాబు:
తొమ్మిదేనండీ. శరీరానికి నవరంధ్రాలు కదా. సున్నా కావలసిన చోట కవి ఆకాశాన్ని వాడాడు: వియత్తు, గగనం. మొదటి మాట ఒకట్ల స్థానం, అక్కడి నుంచి ఎడమకు నడవాలి. వచ్చేది 1,84,46,74,40,73,70,95,51,615.

పిల్లలు లెక్కతోనే తేల్చుకుంటే ఇంకా బాగుంటుంది. అంకెలన్నీ కూడితే 87. రంధ్రానికి సున్నా వేస్తే 78. దేన్ని 9తో భాగించినా శేషం 6 కాబట్టి ఆ పరీక్షకు ఈ తప్పు దొరకదు. 11 పెట్టి చూడమనండి. ఒకట్ల స్థానం నుంచి ఒక అంకె కలుపుతూ, తర్వాతది తీసేస్తూ పోతే 37 వస్తుంది, శేషం 4. సున్నా వేస్తే 28, శేషం 6.

ఏది సరైనది? ఈ సంఖ్య అంటే ఒకటిని 64 సార్లు రెట్టించి ఒకటి తీసేయడమే. పదిసార్లు రెట్టిస్తే 1024, దాన్ని 11తో భాగిస్తే శేషం 1. అరవైసార్లకూ 1 మిగులుతుంది. ఇంకో నాలుగుసార్లకు 16, ఒకటి తీస్తే 15, శేషం 4. తొమ్మిదే నిలిచింది!

ఈ సంఖ్యను విడగొట్టడం కూడా చూపించండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. 3, 5, 17, 257, 65537, 4294967297 – ఈ ఆరింటి లబ్ధం ఇది. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదీ అంతేనని గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త దాన్ని 641 × 6700417గా చీల్చాడు. అలా మొత్తం ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండుసార్లు రాదు. అందుకే దీనికి సరిగ్గా 128 భాజకాలు. 64 బిట్లలో కంప్యూటర్ పట్టించగల అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే.

ఇంకొల్లు నుంచి:
మా పక్క పావులూరు పేరు వినబడితే ఆగలేను! ఆరుకు ‘తర్క’ బదులు తేలిగ్గా ‘రస’ అనొచ్చు కదా?

ఒంగోలు నుంచి:
కుదరదండీ. రెండో పాదం ‘ధ’తో మొదలైంది, పదకొండో అక్షరం దానికి యతి కుదరాలి. ‘తర్క’లో ‘త’ సరిపోతుంది, ‘ర’ సరిపోదు. పైగా ‘రస’ రెండూ లఘువులే, గణం కూడా చెడుతుంది. మొదటి పాదంలో రెండు శరాలు అయ్యాక మూడో బాణం ‘సాయక’ అయిందీ ఇందుకే: ‘శ’కు ‘సా’ యతి.