బిస్కెట్లతో చిన్న కేరమెల్ చాక్లెట్ టార్టులు ఓవెన్ లేకుండా చేయవచ్చా?

ప్రశ్న (తిరుపతి): మా అమ్మాయి పుట్టినరోజుకు, అంగడిలో కొన్న బిస్కెట్లతోనే, ఒక్కొక్కటి ఒకే ముద్దగా తినగలిగే కేరమెల్ చాక్లెట్ టార్టులు (చిన్న గిన్నెలాంటి బిస్కెట్ పొరలో తీపి నింపేవి) చేయాలనుకుంటున్నాను. మా ఇంట్లో ఓవెన్ గానీ టార్టు అచ్చులు గానీ లేవు. పైగా, మన ఏప్రిల్ ఎండకు చాక్లెట్ నిలుస్తుందా అన్నది నా సందేహం. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (చిత్తూరు): అమ్మా, గుంత పొంగణాల పెనమే మీకు చక్కని అచ్చు. 200 గ్రాముల మారీ బిస్కెట్లను మెత్తగా పొడిచేసి, కరిగించిన 100 గ్రాముల వెన్న కలిపి, గుంతల్లో పలుచని ప్లాస్టిక్ కాగితం పరిచి, ఆ పొడిని అంచుల దాకా గట్టిగా అదిమి, గట్టిపడేవరకు ఫ్రిజ్‌లో ఉంచండి. కాగితం పట్టి లేపితే బిస్కెట్ గిన్నెలు విరగకుండా వస్తాయి. కేరమెల్‌కు 100 గ్రాముల చక్కెరను సన్నని సెగపై కరిగించి, ముదురు తేనె రంగు రాగానే 40 గ్రాముల వెన్న, ఆపై వేడిచేసిన 60 మిల్లీలీటర్ల క్రీమ్ కొద్దికొద్దిగా పోసి, చిటికెడు ఉప్పు వేయండి. క్రీమ్ పోసినప్పుడు పాకం ఒక్కసారిగా పొంగుతుంది కనుక లోతైన గిన్నె వాడి, పిల్లలను దూరంగా ఉంచాలి. బాగా చల్లారిన తరువాతే బిస్కెట్ గిన్నెల్లో నింపండి.

మరొక జవాబు (తిరుపతి): కోకో వెన్న దాదాపు 34 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, అసలు చాక్లెట్ మన ఎండలో బయట నిలవదు. కాంపౌండ్ చాక్లెట్ (కోకో వెన్నకు బదులు వేరే కొవ్వుతో చేసేది) కొంత మెరుగే అయినా, రుచిలో అసలుదానికి సాటిరాదు. అందుకే నా సలహా అసలు చాక్లెట్టే, కాకపోతే టార్టులను వడ్డించేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి. కేరమెల్‌పై పోయడానికి చాక్లెట్‌ను వేడినీటి గిన్నెపై కరిగించేటప్పుడు అందులో నీటి చుక్క పడితే ముద్దకట్టిపోతుంది, జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. క్రీమ్ బిస్కెట్లు పనికివస్తాయా?

జవాబు (చిత్తూరు): లోపలి క్రీమ్ గీకివేసి వాడవచ్చు, కానీ తీపి ఎక్కువవుతుంది, మారీయే మేలు.