పాత డెస్క్‌లోంచి మైక్ ప్రీఆంప్‌లు: బోర్డు కోయాలా, అలాగే ఉంచాలా?

రీలుచుట్ట:
16 చానళ్ల అనలాగ్ మిక్సింగ్ డెస్క్ తుక్కు ధరకు దొరికింది. మాస్టర్ సెక్షన్ పాడైంది, పవర్ సప్లై లేనే లేదు. ఒక్కో చానల్‌కు ఒక్కో నిలువు బోర్డు, ఫేడర్లు విడిగా, అన్నీ రిబ్బన్ కేబుల్‌తో గొలుసులా కలిసి ఉన్నాయి. ఇన్‌పుట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. రెండు 2ఎస్‌బి737 ట్రాన్సిస్టర్లు, వాటి వెనక ఒక 5532 ఆప్‌ఆంప్ ఐసీ. బోర్డు మీద ±17 (సప్లై వోల్టులు) అని అచ్చు ఉంది. రెండు చానళ్లు తీసి 2యూ రాక్ డబ్బాలో బిగించి, ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కు ఇవ్వాలి. ప్రీఆంప్ (మైక్ సిగ్నల్‌ను పెంచే భాగం) వరకే బోర్డు కోసేయనా? అవుట్‌పుట్ ఎక్కడ పట్టుకోవాలి? కండెన్సర్ మైక్‌లకు కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఎలా? ఏ కెపాసిటర్లు మార్చాలి?

సీసంచుక్క:
రంపం పక్కన పెట్టండి. ఇలాంటి బోర్డుల్లో ఇన్‌పుట్ గ్రౌండ్ ఒక్కోసారి ఈక్యూ (టోన్ సర్దే భాగం) చుట్టూ తిరిగి వస్తుంది. కోశాక ఏ దారి తెగిందో వెతకడం కన్నా స్ట్రిప్ (చానల్ బోర్డు) మొత్తం ఉంచుకోవడం సుఖం. బోర్డును పక్కకు పడుకోబెడితే నాబ్‌లు ముందు ప్యానెల్‌లోకి వరసగా వస్తాయి. పొడవు 43 సెంటీమీటర్ల లోపు ఉందో లేదో మాత్రం ముందే కొలవండి.

అవుట్‌పుట్ ఇన్సర్ట్ జాక్ సెండ్ (సిగ్నల్ బయటికి పోయే కాలు) నుంచి తీయండి, మామూలుగా టిప్ కాలే. ఈక్యూ కూడా కావాలంటే ఫేడర్ పైకాలికి వెళ్లే తీగను పట్టుకోండి. డైరెక్ట్ అవుట్ జోలికి పోకండి, చాలా డెస్కుల్లో అది ఫేడర్ తర్వాత ఉంటుంది.

బ్యాలెన్స్‌డ్ డ్రైవర్ ఐసీ అవసరం లేదనే నేనంటాను. ±17 మీద 5532 ఒక్కటే +22 డీబీయూ (ఆడియో లెవెల్ కొలత) దాకా ఇస్తుంది. పైన డీఆర్‌వీ134 లాంటి డ్రైవర్ పెడితే ఇంకో 6 డీబీ కలుస్తుంది, ఇంటర్‌ఫేసే ముందు క్లిప్ అవుతుంది. అవుట్‌పుట్ కనెక్టర్ హాట్ కాలికి 100 ఓమ్స్ ద్వారా సిగ్నల్, కోల్డ్ కాలి నుంచి 100 ఓమ్స్ ద్వారా గ్రౌండ్‌కు. అంతే. సెండ్‌లో డీసీ ఆపే కెపాసిటర్ లేకపోతే 47 మైక్రోఫారడ్ ఒకటి వేయండి.

రిబ్బన్‌లో ఏ తీగ ఏదో తెలియకపోతే మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి 5532 దగ్గర మొదలుపెట్టండి: 8వ కాలు ప్లస్ రెయిల్ (సప్లై తీగ), 4వ కాలు మైనస్. రెండు 6.8 కే రెసిస్టర్లు కలిసే చోటు నుంచి వెనక్కి వెళితే ఫాంటమ్ తీగ.

ట్రాన్స్‌ఫార్మర్‌వాలా:
ట్రాన్స్‌ఫార్మర్ 18-0-18, 1 ఆంపియర్ తీసుకోండి, కోఠిలో మామూలుగా దొరికే సరుకే. 15-0-15తో 230 దగ్గర బాగానే నడుస్తుంది, కానీ కరెంటు 200కి పడితే రెక్టిఫైర్ తర్వాత మిగిలేది 17.5 వోల్టులే. రెగ్యులేటర్‌కు ఊపిరాడక స్పీకర్‌లో హమ్ మొదలవుతుంది. 18తో అదే చోట 21 వోల్టులుంటాయి.

రెగ్యులేటర్లు ఎల్ఎం317 (ప్లస్), ఎల్ఎం337 (మైనస్) రెండింటికీ 220 ఓమ్స్, 2.7 కే పెడితే 16.7 వోల్టులు వస్తాయి, చాలు. రెండింటి కాళ్ల వరస ఒకటి కాదు. ట్యాబ్ కూడా 317లో అవుట్‌పుట్, 337లో ఇన్‌పుట్. ఒకే హీట్‌సింక్ మీద మైకా లేకుండా బిగిస్తే నేరుగా షార్టే.

48కి వేరే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. వైండింగ్‌లో ఒక కొస నుంచి 220 మైక్రోఫారడ్, 100 వోల్టుల కెపాసిటర్ తీసుకోండి, మైనస్ కాలు వైండింగ్ వైపు. ప్లస్ కాలికి రెండు 1ఎన్4004 డయోడ్లు: ఒకటి రెగ్యులేటర్‌కు ముందున్న ప్లస్ రెయిల్ నుంచి లోపలికి, రెండోది అక్కడి నుంచి మరో 220/100 కెపాసిటర్‌లోకి. 70 వోల్టుల పైచిలుకు వస్తుంది. దీనికి ఎల్ఎం317 వేయకండి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ తేడా 40 వోల్టులు దాటితే పోతుంది, ఫాంటమ్ షార్ట్ అయిన క్షణంలో దాటుతుంది. టీఎల్783 వేసి 82 ఓమ్స్, 3 కే పెట్టండి. ఆ 3 కేలో ముప్పావు వాట్ కాలుతుంది కాబట్టి 2 వాట్లది. రెగ్యులేటర్‌కు చిన్న హీట్‌సింక్ తగిలించండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఒక్కో రెయిల్‌లో 47 ఓమ్స్ సిరీస్‌లో ఉంచండి. ఆరు 5532లున్న స్ట్రిప్ 50 మిల్లీఆంపియర్ల చుట్టూ తీసుకుంటుంది, అంటే దాని మీద రెండు, రెండున్నర వోల్టులు పడాలి. ఎక్కువ పడితే వెంటనే ఆపేయండి, ఏదో పాత టాంటలమ్ కెపాసిటర్ షార్ట్ అయ్యుంటుంది.

గరగర:
కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వేయాలని లేదు. తప్పనిసరిగా మార్చాల్సినవి చానల్‌కు మూడే. రెండు ఇన్‌పుట్ కప్లింగ్ కెపాసిటర్లకు 47 మైక్రోఫారడ్, 63 వోల్టులవి వేయండి, ప్లస్ కాలు ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ కనెక్టర్) వైపు. ఫాంటమ్ వేసినప్పుడే చిటపటలాడితే లీకయ్యేవి ఇవే. మూడోది గెయిన్ పాట్‌తో (గెయిన్ నాబ్ కింది వేరియబుల్ రెసిస్టర్) సిరీస్‌లో ఉండేది. నాబ్ తిప్పితే గరగరమంటే పాట్‌ను తిట్టే ముందు దాని మీద డీసీ కొలవండి; కొన్ని మిల్లీవోల్టులున్నా ఈ కెపాసిటర్ లీక్ అవుతున్నట్టే. దీని విలువ తగ్గించకండి. ఫుల్ గెయిన్‌లో ఆ దారిలో 10 ఓమ్స్ చుట్టూ మాత్రమే మిగులుతాయి. 1000 మైక్రోఫారడ్ అయితే బేస్ 16 హెర్ట్జ్ దగ్గర తగ్గుతుంది, 100 వేస్తే 160 దగ్గరే. "పాత డెస్క్ సౌండ్ పల్చగా ఉంది" అనేవాళ్లలో సగం మంది కథ ఇదే.

ఫాంటమ్ 6.8 కే రెసిస్టర్ల జంట ఒకదానితో ఒకటి 0.4 శాతంలో, అంటే 27 ఓమ్స్ లోపల కలవాలి. 1 శాతం రెసిస్టర్లు పది కొని మీటర్‌తో జత ఏరుకోండి.

2ఎస్‌బి737లను ఊరికే కదిలించకండి. తయారీ ఎప్పుడో ఆగింది, ఇప్పుడు కొత్తవని అమ్మేవాటిలో నకిలీలు ఎక్కువ. మిగతా 14 బోర్డులే మీకు స్పేర్ స్టాక్. పరీక్షకు ఎక్స్‌ఎల్‌ఆర్ 2, 3 కాళ్ల మధ్య 150 ఓమ్స్ పెట్టి గెయిన్ 60 డీబీకి తిప్పండి. ఆ రెసిస్టర్ సొంత నాయిసే -131 డీబీయూ, కాబట్టి అవుట్‌పుట్‌లో -68 దగ్గర కనిపిస్తే ట్రాన్సిస్టర్లు ఆరోగ్యంగా ఉన్నట్టు.

రీలుచుట్ట:
అందరికీ థాంక్సండీ. సప్లై కట్టాను, 48.1 వస్తోంది. కెపాసిటర్లు మార్చాక ఒక చానల్ నిశ్శబ్దం. రెండోది కూడా కలిపితే 50 హెర్ట్జ్ హమ్.

సీసంచుక్క:
2, 3 కాళ్లు షార్ట్ చేసి గెయిన్ తిప్పి చూడండి. హమ్ గెయిన్‌తో పాటు పెరిగితే తప్పు ఇన్‌పుట్ వైపు, పెరగకపోతే సప్లై వైపు.

రీలుచుట్ట:
పెరుగుతోంది.

సీసంచుక్క:
అయితే ఎక్స్‌ఎల్‌ఆర్ 1వ కాలు బోర్డు గ్రౌండ్‌లోకి పోతోంది. ఆ ట్రాక్ తెంపి, కాలును కనెక్టర్ దగ్గరే పొట్టి లావు తీగతో డబ్బాకు కట్టండి. రెండు బోర్డుల గ్రౌండ్‌లు విడివిడిగా సప్లై దగ్గర ఒకే చోటికి రావాలి, అక్కడి నుంచి డబ్బాకు ఒకే ఒక్క తీగ. మెయిన్స్ ఎర్త్ మాత్రం డబ్బాకే, దాన్ని ఎప్పుడూ తీయకండి. ఇంకా కొంచెం మిగిలితే ట్రాన్స్‌ఫార్మర్‌ను చేత్తో పట్టుకుని తిప్పుతూ వినండి, హమ్ తగ్గిన కోణంలో బిగించండి. తిప్పేటప్పుడు ప్రైమరీ తీగలకు స్లీవ్ ఉండాలి.