ఓడలు మనుషుల్లేకుండా పోతాయంట గదా, నేను ఈటీఓగా (ఓడలో కరెంటు, ఎలక్ట్రానిక్స్ చూసే ఆఫీసరు) ఎక్కాల్నా వద్దా?

ప్రొద్దుటూరు తమ్ముడు, సింగపూర్:

అందరికీ నమస్తే. ఎర్రగుంట్ల పక్క సిమెంట్ ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చేస్తాంటి, అది ఇడిసిపెట్టి ఈటీఓ కోర్సు చేసి ఫస్ట్ ఓడ కోసం సింగపూర్ వచ్చినా. ఓడ లేటంట, ఏజెంట్ హోటల్లో పెట్టినాడు. రూంలో ఉండే పిల్లోడు ఇక్కడి తువాస్ పోర్ట్ వీడియో చూపిచ్చినాడు, డ్రైవర్ లేని బండ్లు కంటైనర్లు మోసకపోతాండాయి, అది చూసినాకాడ్నించి గుండె దడగా ఉండాది. మా నాయన కూడా ఫోన్ చేసి ఓడలు మనుషుల్లేకుండా పోతాయంట, టీవీలో చెప్పినారు, కోర్సుకు చేను అమ్మి కడితిమి గదరా అంటాండాడు. ఈ పని ఎన్నేళ్లుంటాది? సీనియర్లు రొంత చెప్పండి.

ఆదోని అన్న, ఓడ మీద:

తమ్ముడూ, ముందు మీ నాయనకు ధైర్యం చెప్పు. టీవీలో చూపిచ్చేది నార్వేది, యారా బిర్కెలాండ్ అయ్యుంటాది. 120 కంటైనర్లు పట్టే చిన్న బ్యాటరీ ఓడ, ఎరువుల ఫ్యాక్టరీ కాడ్నించి దగ్గర్లోని రేవుకు తిరుగుతాది, అంతే. 2022లో పని మొదలుపెట్టింది, రెండేళ్లు టెస్ట్ చేసి మనుషుల్ని దించేస్తామన్నారు, రెండేళ్లు దాటినాక కూడా లోపల మనుషులుండారు. సముద్రాలు దాటే ఓడల సంగతంటావా, తప్పనిసరి రూల్స్ 2032 జనవరి నుంచి తెస్తామని ఐఎంఓ (ఓడలకు రూల్స్ పెట్టే ఐక్యరాజ్యసమితి సంస్థ) ప్లాన్. అదిగూడా మనుషులుండకూడదని చెప్పే రూలేం కాదు.

నాకు మనుషుల్లేని ఓడ గురించి దిగుల్లేదబ్బీ, మనుషులు తగ్గిపోయిన ఓడ గురించే దిగులు. అది ఎప్పుడో మొదలైపాయ. ముందు ప్రతి పెద్ద ఓడలో రేడియో ఆఫీసర్ ఉండేవాడు, 1999 ఫిబ్రవరి 1కి జీఎండీఎస్ఎస్ (ఆపదలో శాటిలైట్, రేడియో మీద సాయం పిలిచే సిస్టం) పూర్తిగా వచ్చేసరికి ఆ పోస్టే ఎగిరిపాయ. ఇంజిన్ రూంలో రాత్రి వాచ్ కూడా శానా ఓడల్లో ల్యాదు, యూఎంఎస్ అంటారు, సాయంత్రం ఒక రౌండ్ కొట్టి బిల్జిలు (ఓడ అడుగున మురికినీళ్లు చేరే గుంతలు), ట్యాంకులు, లీకేజీలు చూసి అలారంలు డ్యూటీ ఇంజినీర్ క్యాబిన్‌కు తిప్పేసి పైకొచ్చేస్తారు. మనూర్లో బోరు మోటరుకు మొబైల్ స్టార్టర్ పెట్టుకుంటారు గదా, మంచం మీద పండుకోనే మోటర్ ఆన్ చేస్తారు, కానీ ఫ్యూజు పోతే అర్ధరాత్రి టార్చి పట్టుకోని ఒకడు చేనికాడికి పోవాల్సిందే. ఓడలో ఆ ఒకనికి కరెంటు తెలిసుండాల, అందుకే నీ పోస్టు పుట్టింది, ఎస్‌టీసీడబ్ల్యూలో (ఓడ పనోళ్ల ట్రైనింగు, సర్టిఫికెట్ల అంతర్జాతీయ ఒప్పందం) ఈటీఓకు సొంతంగా సర్టిఫికెట్ 2012 నుంచే వచ్చింది. మిషన్లు పెరిగేకొద్దీ తగ్గిన పోస్టులు శానా ఉండాయి, పెరిగినవాట్లో ఇదొకటి.

పని యట్లుంటాదో ఒకటి చెప్తా. పోయిన ఓడలో రాత్రిపూట 440 వోల్ట్ బోర్డుకు ఎర్త్ ఫాల్ట్ (కరెంటు ఓడ ఇనుములోకి లీకయ్యేది) అలారం కొట్టింది. స్క్రీన్ ఎర్త్ ఉందని చెప్తాది, యాడుందో చెప్పదు. సెకండ్ ఇంజినీర్‌ను లేపి, ఏది ఆపొచ్చో ఏది ఆపకూడదో మాట్లాడుకోని, ఒక్కో బ్రేకర్ ఆఫ్ చేసుకుంటా మీటర్ చూస్తా పోయినాము. డెక్ లైట్లు ఆపితే కదల్లేదు, లాండ్రీ ఆపితే కదల్లేదు, గాలీలో, అంటే వంటగదిలో, హాట్ ప్లేట్ ఆపుతూనే ముల్లు పైకి లేసింది, లీకు ఆడనే. కడిగేటప్పుడు నీళ్లు లోపలికి పోయినాయి. ఇంత పెద్ద ఆటోమేషన్ పెట్టుకోని ఆఖరికి పనికొచ్చింది స్క్రూ డ్రైవర్, మెగ్గరు (వైర్ల ఇన్సులేషన్ చూసే మీటరు).

బాల్టిమోర్‌లో డాలీ ఓడ 2024 మార్చి 26న బ్రిడ్జిని గుద్దింది గదా, రోడ్డు పని చేస్తాండే ఆరుమంది పాయిరి. అమెరికాలో ప్రమాదాల విచారణ చేసే ఎన్‌టీఎస్‌బీ విచారణలో తేలిందేందంటే, ఒక సిగ్నల్ వైరుకు తొడిగిన లేబుల్ అడ్డమొచ్చి వైరు టెర్మినల్లో పూర్తిగా దిగల్యా, అది లూజై బ్రేకర్ పడిపోయి కరెంటు పాయ. వేలకొద్దీ వైర్లలో ఒక్కటి. నువ్వు ప్యానెల్ తెరిచినప్పుడల్లా ప్రతి వైరు రొంత లాగి చూడు, ఎవురు నవ్వినా సరే.

తాడిపత్రి సెకండ్ మేట్ (ఓడ దారి చూసే డెక్ ఆఫీసర్):

అన్నా నువ్వు చెప్పింది ఇంజిన్ సైడుకు కరెక్టే, డెక్ మీద మాకు అంత ధైర్యం ల్యాదప్పా. పేపర్ చార్టులు (సముద్రం మ్యాపులు) పోయి ఎక్డిస్, అంటే స్క్రీన్ మీద మ్యాపు, వచ్చింది, ఇప్పుడు కెమెరాలు పెట్టి చీకట్లో చిన్న పడవల్ని గూడా గుర్తుపడతామంటాండారు, రేపు లుకౌట్‌కు (చుట్టూ చూస్తా కాపలా కాసేదానికి) మనిషెందుకని అడుగుతారు చూడు. కాకపోతే గల్ఫ్‌లోకి పోయినప్పుడు జీపీఎస్ జామింగ్ (ఎవురో సిగ్నల్ చెడగొట్టేది) మొదలైతే స్క్రీన్‌లో ఓడ ఎడారిలోకి ఎక్కేస్తాది. అప్పుడు రాడార్ చూపే దూరం, కంటితో చూసి తీసిన బేరింగే (దిక్కు కోణమే) గతి. కుర్రోళ్లు స్క్రీన్ మీదనించి కళ్లు తియ్యరు, నాకు అదే కోపం.

ప్రొద్దుటూరు తమ్ముడు:

థాంక్స్ అన్నా. ఇంకోటి, అటానమస్ షిప్ సర్టిఫికెట్ అని ఆన్‌లైన్ కోర్సు ఒకటి వాట్సాప్‌లో తిరుగుతాండాది, అది చేస్తే షోర్ జాబ్ (ఒడ్డు మీద ఆఫీసు ఉద్యోగం) గ్యారంటీ అంట, లక్షకు పైనే అడుగుతాండారు. కట్టాల్నా?

అనంతపురం అక్క, రాటర్‌డామ్:

కట్టొద్దు నాయనా. నేను ఓడల ఆఫీసులోనే చేస్తాండా. ఇంజిన్ టెంపరేచర్లు, ప్రెజర్లు, ఆయిల్ వాడకం అన్నీ శాటిలైట్ మీద మా స్క్రీన్లకు వస్తాయి, ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ టెంపరేచర్ రొంత ఎక్కువైనా ఓడకు మెయిల్ పోతాది. ఓడలో వాళ్లకు ఇది తలనొప్పే, పని చేసుకుంటారా మాకు జవాబులు రాస్తారా చెప్పు. అయినా ఆ సీట్లలోకి మా ఆఫీసు తీసుకునేది సముద్రం మీద పనిచేసి వచ్చినోళ్లను, సెన్సర్ తప్పు చెప్తాందా నిజంగానే మిషన్ చెడిందా అనేది వాళ్లకు వాసన తెలుస్తాది. ఇంజిన్లో ఆయిల్ ఆవిరిని పట్టే ఆయిల్ మిస్ట్ డిటెక్టర్ లెన్సు మురికైతే ఊరికే అలారం కొడతాది, ఆ సంగతి తెలియనోడు కంగారు పడతాడు, సగం తెలిసినోడు జంపర్ వైరు వేసి అలారం నోరు మూసేస్తాడు, రెండోవాడే డేంజర్. నువ్వు మటుకు చీఫ్ ఇంజినీర్‌కు చెప్పకుండా ఏ అలారం బైపాస్ చెయ్యొద్దు. కాబట్టి ముందు సీ టైం (ఓడ మీద పనిచేసిన కాలం) పోగేసుకో, కోర్సులు తర్వాత.

ఇంకొకటి ఎవురూ చెప్పల్యా. మనుషులు తగ్గినప్పుడు నిద్ర పోతాది. ఎంఎల్‌సీ (ఓడ పనోళ్ల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం 24 గంటల్లో 10 గంటలు, వారంలో 77 గంటలు రెస్ట్ ఉండాల. యూఎంఎస్‌లో అలారం కొట్టి రాత్రి లేపితే దానికి బదులు రెస్ట్ ఇయ్యాలని కూడా అందులోనే రాసిపెట్టుండాది. రెస్ట్ అవర్స్ షీటు ముందే నింపేసి సంతకం పెట్టమంటారు శానా ఓడల్లో, నీ గంటలు నీ డైరీలో వేరేగా రాసుకో.

అవును, నిన్ను పంపిన ఏజెంట్‌కు ఆర్‌పీఎస్‌ఎల్ (ఓడల్లోకి మనుషుల్ని పంపేదానికి ప్రభుత్వం ఇచ్చే) లైసెన్స్ ఉందా? ఆ లైసెన్సులిచ్చే డీజీ షిప్పింగ్ సైట్‌లో నంబర్ కొట్టి చూసినావా? ఉద్యోగం ఇప్పిచ్చినందుకు డబ్బులడిగితే అది రూలుకే విరుద్ధం.

ప్రొద్దుటూరు తమ్ముడు:

నంబర్ చూసినా అక్కా, ఉండాది. డబ్బులేం తీసుకోల్యా. ఓడ ఎల్లుండి వస్తాదని ఇప్పుడే మెసేజ్ పెట్టినారు. ఏమేం కొనుక్కోవాల?

ఆదోని అన్న, ఓడ మీద:

మల్టీమీటర్, క్లాంప్ మీటర్ ఓడలో ఉంటాయి గానీ బ్యాటరీ ల్యాకుండా ఉంటాయి, నీది నువ్వు తెచ్చుకో. తలకు పెట్టుకునే లైటు ఒకటి మంచిది కొను, చేతులు రెండూ ఖాళీగా ఉండాల. ఎక్కినాక మొదటి వారం పాత ఈటీఓ దిగిపోయేలోపల ఆయన వెనకాలనే తిరుగు, ఏ బ్రేకర్ యాడుందో, ఏ అలారం ఊరికే కొడతాదో, స్పేర్లు యాడ దాచినాడో అన్నీ ఫోటోలు తీసుకో. ఇంజిన్ రూంలోకి రాత్రి ఒక్కడివే దిగితే డెడ్‌మ్యాన్ అలారం (నువ్వు మధ్యమధ్యలో బటన్ నొక్కకపోతే పైనోళ్లకు మోగేది) ఆన్ చేసే దిగు. శెనగ్గింజల పొడి తెచ్చుకుంటే సీలు వేసిన ప్యాకెట్ తెచ్చుకో, ఆస్ట్రేలియా పోతే తెరిచిన ప్యాకెట్లతో లేనిపోని గలాటా.