హెచ్ఎంటీ పైలట్: డయల్ ఒరిజినలేనా? 4,500 పెట్టొచ్చా?

చేతితో కీ ఇచ్చే నల్ల డయల్ పైలట్, పాత హెచ్ఎంటీ చేతి వాచీ. లోపల 17 జ్యూయెల్స్ (అరుగుదల తగ్గించే రాళ్లు) ఉన్న 0231 మోడల్ మెషిన్, దాని బ్రిడ్జి (చక్రాలను పట్టి ఉంచే పలక) మీద హెచ్ఎంటీ ముద్ర స్పష్టంగా ఉంది. అమ్మే అతను 4,500 చెబుతున్నాడు, "అన్నీ ఒరిజినలే" అంటున్నాడు. మెషిన్ గురించి పేచీ లేదు. అనుమానమంతా డయల్ మీదే.

లూపుతో (భూతద్దంతో) చూస్తే అంకెల అంచులు కాస్త చెదిరినట్టున్నాయి. ఫ్యాక్టరీ ప్రింటు అంచు ఇంతకంటే తీరుగా ఉంటుంది కదా? ముళ్ల మీది రేడియం పూత (చీకట్లో మెరిసేది) గోధుమరంగుకు తిరిగింది, అంకెల మీది మాత్రం పచ్చగా మెరుస్తోంది. రెండూ ఒకే వయసువైతే మామూలుగా ఇలా తేడా రాకూడదు. పైగా 3 అంకె కీ పుల్లకు ఎదురుగా లేదు, వెంట్రుకవాసి కిందికి జారింది. డయల్ కాళ్లు (మెషిన్‌కు బిగించే వెనకవైపు పిన్నులు) విరిగి, జిగురుతో అంటించారేమో! వెనక మూత తీశారు గానీ డయల్ విప్పి చూపించమంటే ఒప్పుకోవడం లేదు.

టైమ్‌గ్రాఫర్‌లో (వాచీ నడకను కొలిచే యంత్రం) గంటకు 18,000 బీట్ మీద రోజుకు 40 సెకన్లు స్లో, ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) 195 డిగ్రీలు, బీట్ ఎర్రర్ (టిక్, టాక్‌ల మధ్య తేడా) 3.2 మిల్లీసెకన్లు. నూనె ఎండిపోయిందనే అనుకుంటున్నా, అంటే సర్వీసింగ్ ఖర్చు అదనం. కేసుకు గట్టిగా పాలిష్ కొట్టారు, లగ్గుల (పట్టీ తగిలించే కొమ్ముల) అంచులు గుండ్రమయ్యాయి.

డయల్ విప్పకుండానే రీడయల్ (తర్వాత మళ్లీ ప్రింటు వేసిన డయల్) అని తేల్చే గుర్తులు ఇంకేమున్నాయి? రీడయలే అయితే ఎంతకు బేరమాడాలి? ఒరిజినల్ డయల్ విడిగా దొరికితే దానికి ఎంతవరకు పెట్టొచ్చు?