టీవీకి పెడితేనే కంట్రోలర్ కనెక్షన్ తెగిపోతోంది, స్టీమ్ డెక్‌లో ఏదైనా సెట్టింగ్ ఉందా?

కొర్లగుంట కుర్రోడు:
సెలవలకి అక్క పిల్లలిద్దరూ తిరుపతి వచ్చారు. పది దాటితే ఈ ఎండకి బయటికి పంపేలా లేదు, అందుకని నా స్టీమ్ డెక్‌ని (చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్) యూఎస్‌బీ హబ్‌తో టీవీకి కలిపాను. పీఎస్4 (ప్లేస్టేషన్ 4) కంట్రోలర్‌లో షేర్, పీఎస్ బటన్లు రెండూ నొక్కిపెడితే లైటు టపటపా కొట్టుకుని వెంటనే పెయిర్ అయింది. డెక్ ఒళ్లో పెట్టుకుని కారు రేస్ గేమ్ ఆడితే బానే ఉంది, టీవీ వెనక పెట్టి మంచం మీద కూర్చుంటే మాత్రం కారు దానంతటదే ఒక పక్కకి పోయి గోడకి గుద్దుకుంటోంది, సెకను తర్వాత మళ్లీ మాట వింటోంది. ఫ్రెండ్ దగ్గర తెచ్చిన పాత ఎక్స్‌బాక్స్ కంట్రోలరైతే బ్లూటూత్ లిస్టులోనే కనబడదు. ఓఎస్ మళ్లీ ఎక్కించాలా?

చిత్తూరు గేమర్:
ఓఎస్ జోలికి పోకు సామీ. ఆ హబ్‌కి ఇంకేం తగిలించావు?

కొర్లగుంట కుర్రోడు:
గేమ్స్ దాచుకున్న ఎస్‌ఎస్‌డీ (బయట తగిలించే స్టోరేజ్ డ్రైవ్) ఒకటి. దానికీ దీనికీ ఏం సంబంధం అన్నా?

చిత్తూరు గేమర్:
అసలు సంబంధం దానితోనే. అలాంటి ఎస్‌ఎస్‌డీలు వాడే యూఎస్‌బీ 3.0 నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుడుతుంది, బ్లూటూత్ నడిచేదీ అక్కడే. ఇంటెల్ వాళ్లు 2012లోనే దీని మీద పేపర్ రాశారు. పైగా నువ్వు డెక్‌ని టీవీ వెనక దాచావు, ముందు అంత పెద్ద రేకు అడ్డం. కంట్రోలర్ నుంచి కొత్త సిగ్నల్ అందకపోతే చివరగా స్టిక్ ఎటు తిప్పి ఉందో అటే అనుకుంటుంది, నీ కారు గోడకి పోయేది అందుకే. నేనూ ఇలాగే కంట్రోలర్‌ని అనుమానించి బ్యాటరీ మార్పించా, డబ్బులు దండగ. చివరికి చెన్నై రిచీ స్ట్రీట్‌లో పొడుగు హెచ్‌డీఎంఐ కేబుల్ కొని డెక్‌ని టీవీ ముందుకి తెచ్చుకున్నాక కుదిరింది. వైఫై 2.4లో ఉంటే 5కి మార్చు, డౌన్‌లోడ్ నడుస్తుంటే ఆపు.

రేణిగుంట రూట్:
ఎక్స్‌బాక్స్ దానికి బ్యాటరీ మూత తీసి లోపల మోడల్ నంబర్ చూడండి. 1537, 1697 అయితే బ్లూటూత్ అసలు లేదు, ఎంత వెతికినా రాదు. 1708 నుంచి ఉంది. మధ్యలో ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పైన భుజాల బటన్లతో కలిసి నిగనిగలాడుతుంటే పాతది, ముందు బాడీతో కలిసిపోయి ఉంటే కొత్తది. పాతదైనా కేబుల్ పెడితే వెంటనే పనిచేస్తుంది, డెక్ నడిచేది లైనక్స్ మీదే, దీని డ్రైవర్ ఆ లైనక్స్ కెర్నెల్‌లోనే ఉంది. కేబుల్ మాత్రం డేటా వెళ్లేది కావాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్‌తో ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నా నేను.

కొర్లగుంట కుర్రోడు:
నంబర్ 1697. కేబుల్‌తో ఆడుతోంది, చిన్నోడు టీవీకి దగ్గరగా కూర్చుంటున్నాడు, వాళ్లమ్మ తిడుతోంది, అది వేరే కథ. ఎస్‌ఎస్‌డీ పీకి డెక్‌ని ముందుకి జరిపాక పీఎస్4ది గంట నుంచి ఒక్కసారీ తెగలేదు. కానీ సగం గేమ్స్ ఆ ఎస్‌ఎస్‌డీలోనే ఉన్నాయి కదన్నా. ఇంకోటి, డెక్ సొంత బటన్లే ప్లేయర్ 1 అంటోంది.

చిత్తూరు గేమర్:
మూడు చుక్కల బటన్ నొక్కు, అక్కడ కంట్రోలర్ల వరస మార్చుకోవచ్చు. గేమ్స్ మైక్రోఎస్‌డీ కార్డుకి మార్చేయ్, అది డెక్‌లోనే దూరుతుంది. కాదు ఎస్‌ఎస్‌డీనే కావాలంటే మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి డెక్‌కి దూరంగా పెట్టి చూడు.