డిగ్రీ కాలేజీలో జర్మన్ సర్టిఫికెట్ కోర్సు: గ్రాంటు వస్తే ల్యాబుకా, టీచరుకా?

కావలి లెక్చరర్:
మాది కావలి దగ్గర ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. యూజీసీ చట్టంలోని 2(ఎఫ్) గుర్తింపు, కేంద్ర గ్రాంటుకు కావలసిన 12(బి) అర్హత రెండూ ఉన్నాయి. కమ్యూనిటీ కాలేజీ పద్ధతిలో ఆరు నెలలు, 30 క్రెడిట్ల జర్మన్ కోర్సుకు ప్రపోజల్ రాస్తున్నాం. బీ1 దాకా చెప్తామని రాయొచ్చా (భాష స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2 అని పెరుగుతాయి కదా)? గ్రాంటు వస్తే ముందు కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లతో భాషా ల్యాబు పెట్టాలా, టీచర్ని తీసుకోవాలా?

ఒంగోలు మేడం:
ముందు గంటలు లెక్కేయండి సార్. 30లో నైపుణ్యం వాటా, అంటే జర్మన్ నేర్పే భాగం, 60 శాతం, అంటే 18 క్రెడిట్లు. క్రెడిట్‌కు 15 చొప్పున 270 గంటలు. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పాఠం 45 నిమిషాలు కాబట్టి 360 పాఠాలవుతాయి. ఏ2కు 200–350, బీ1కు 350–650 పాఠాలు పడతాయని వాళ్ల అంచనా. మీ 360తో బీ1 గడప దాకా వస్తారంతే. మన పిల్లలకు బల్లైనా తలుపైనా "అది". జర్మన్‌లో బల్ల పుంలింగం, తలుపు స్త్రీలింగం, పుస్తకం నపుంసకం. ప్రతి మాటనీ ఆ మూడు లింగాల గుర్తులైన డేర్, డీ, దాస్‌తో కలిపే నోటికి పట్టించాలి. దానికే బోలెడు పాఠాలు పోతాయి. ఏ2 అని రాయండి.

నెల్లూరు అకౌంట్స్:
రాష్ట్రాల కాలేజీలకు గ్రాంటిచ్చే కేంద్ర పథకం రూసా 2023లో పీఎం-ఉషగా మారింది. మన రాష్ట్రంలో ఆ డబ్బులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. మంజూరు ఉత్తర్వులో ఏ పద్దు ఉందో అదే ఖర్చు. పరికరాల పద్దులో వచ్చిన డబ్బుతో జీతమిస్తే ఆడిట్ అభ్యంతరం తప్పదు. చాలాచోట్ల కోర్సు ఆగేది ఇక్కడే: కంప్యూటర్లు దిగుతాయి, చెప్పేవాళ్లుండరు. 270 గంటలకు గెస్ట్ ఫ్యాకల్టీ రేటు కట్టి, ఆ మొత్తం కోర్సు ఫీజులోంచి వస్తుందో లేదో ప్రపోజల్‌లోనే చూపించండి. గ్రాంటు మీద బ్యాంకు వడ్డీ కాలేజీది కాదు, తిరిగి జమ చేయాలి. డబ్బు దేనికి వాడారో చెప్పే వినియోగ ధ్రువపత్రం (యూసీ) కూడా ఇవ్వాలి.

కావలి లెక్చరర్:
నర్సింగ్ పిల్లలు కూడా అడుగుతున్నారు. వాళ్లకు ఏ2 చాలుతుందా?

ఒంగోలు మేడం:
చాలదు సార్. జర్మనీలో నర్సుగా గుర్తింపుకు మామూలుగా బీ2 అడుగుతారు. ఆ మాట ప్రాస్పెక్టస్‌లోనే పెద్దక్షరాల్లో వేయండి, లేకపోతే పిల్లలు ఆశపడి ఫీజు కట్టేస్తారు. పరీక్ష గోథె వాళ్ల చెన్నై కేంద్రం మాక్స్ ముల్లర్ భవన్‌లో రాయించొచ్చు. పరీక్ష ఫీజు వేరే, బడ్జెట్‌లో ఇప్పుడే పెట్టుకోండి. ఏ2లో మాట్లాడే పరీక్ష ఇద్దరిద్దరికి పెడతారు. ఒకరు అడగాలి, రెండోవారు బదులివ్వాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒంటరిగా కూర్చుంటే అది రాదు. అందుకే ముందు టీచరు. ల్యాబుకు ఒక మంచి స్పీకరు, ప్రొజెక్టరు చాలు.