ఒక్క లారీ ఉన్న కొత్త ఓనరు లోడు కోసం ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి: సరుకుదారు దగ్గరికా, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకా?

పది టైర్ల బండి, గుంటూరు:
పదకొండేళ్లు డ్రైవరుగా పనిచేసి, ఈ సంక్రాంతికి ఫైనాన్సు మీద పాత పది టైర్ల లారీ కొనుక్కున్నాను. ఇప్పటికి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఇచ్చిన లోడే ఎత్తుతున్నాను. కమీషను, డీజిలు, టోలు పోగా మిగిలేది నెల వాయిదాకు చాలడం లేదు. మిల్లులను, వ్యాపారులను నేరుగా కలవడం మంచిదా, ఆఫీసునే నమ్ముకోవడం మంచిదా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

మిర్యాలగూడ ఓనరు:
నేరుగానే వెళ్లండి. మధ్యవర్తి చెప్పిందే కిరాయి అయినంత కాలం మన బండికి మనం యజమానులం కాము. నేను ఆరు నెలలు రైసు మిల్లుల చుట్టూ తిరిగి ఇద్దరు మిల్లుదారులను సంపాదించుకున్నాను. పదికి మించి బండ్లు లేని ఓనరు పాన్ నంబరుతో డిక్లరేషను ఇస్తే కిరాయిలో టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) కోయనక్కరలేదన్న సంగతి తెలియక, సొంతంగా బిల్లు పెట్టడానికే మనవాళ్లు చాలామంది వెనకాడుతున్నారు.

గుంటూరు–చెన్నై లైను:
మిర్యాలగూడ సోదరుడు టీడీఎస్ గురించి చెప్పింది నిజం. అయితే మిల్లు సరుకు రోజూ కదులుతుంది, మన బండి మాత్రం ఒక్కటే. అది చెన్నైలో అన్‌లోడింగుకు నిలబడి ఉన్న రోజున మిల్లుదారు ఫోను చేసి, లేదనిపించుకుని, ఇంకొకరిని పిలుచుకుంటాడు. రెండోసారి కూడా అలాగే జరిగితే మన నంబరు మరిచిపోతాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువు పరిమితి పెంచాక పది టైర్ల బండి సరుకుతో కలిపి మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది కనుక, అంతే సరుకుకు ఇప్పుడు తక్కువ బండ్లు సరిపోతున్నాయి, లోడు కోసం పోటీ పడేవారికి కొదవ లేదు.

ఇక అప్పు సంగతి. మొదటి ఏడాది నేనూ ఒక ఫ్యాక్టరీకి నేరుగా తోలాను. మూడు ట్రిప్పుల బిల్లు డెబ్బై రోజులు ఆగిపోయింది. డీజిలు బంకు, ఫైనాన్సు కంపెనీ ఆగవు గదా, ఇంట్లో గాజులు తాకట్టు పెట్టి వాయిదా కట్టాను. ఆఫీసు కమీషను తీసుకుంటుంది, కానీ లోడు ఎత్తిన రోజునే అడ్వాన్సు చేతిలో పెడుతుంది. పెట్టుబడి లేని కొత్తవాడికి ఆ కమీషను ఒక విధంగా వడ్డీ లాంటిది.

అందుకని నా సలహా ఏమిటంటే, లోడును కాకుండా దారిని ఎంచుకోండి. గుంటూరు నుంచి చెన్నై సుమారు 400 కిలోమీటర్లు. సీజనులో మిర్చి యార్డు నుంచి, తరువాత కోల్డ్ స్టోరేజీల నుంచి ఎగుమతి సరుకు అటు పోతూనే ఉంటుంది. ఆ లోడు ఆఫీసు ద్వారానే ఎత్తండి. మీ కష్టమంతా తిరుగు లోడు మీద పెట్టండి, ఎందుకంటే ఖాళీగా తిరిగొచ్చిన ప్రతిసారీ పోయేటప్పుడు మిగిలిన డబ్బు డీజిలుకే పోతుంది. చెన్నై మాధవరంలో బండి ఆపుకుని బ్రోకరు ఫోను కోసం ఎదురుచూడకుండా, నేను ఒక్కొక్క ట్రిప్పులో ఇద్దరేసి చిన్న గోడౌనుదార్లను కలిసేవాడిని. గుంటూరు, విజయవాడ దుకాణాలకు వారానికి ఒక్క బండి పంపేవారికి ఒక్క బండి ఓనరే సరిపోతాడు. వారిలో నలుగురు ఇప్పుడు బండి బయలుదేరకముందే నాకు ఫోను చేస్తున్నారు.

వారి నమ్మకం కిరాయి తగ్గించడం వల్ల రాలేదు. ఒకసారి ఒంగోలు దాటాక వాన పట్టుకుంది. బండి పక్కకు తీసి, పట్టా చిరిగిన మూలన రెండో పట్టా కప్పి, తాళ్లు మళ్లీ బిగించి, ఆ ఫోటో సరుకుదారుకు పంపాను. ఆయన తరువాతి లోడు బేరం ఆడకుండా ఇచ్చాడు. సరుకు దింపగానే ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ మీద సంతకం, ముద్ర పడ్డాయో లేదో చూసుకుని, అక్కడే ఫోటో తీసి, కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టండి. ఆ కాగితం తడిసి ముద్ర చెరిగినందుకు నాకు రావలసిన మిగతా కిరాయి ఒక ఆఫీసులో రెండు నెలలు ఆగింది.

మరొక మాట. రెండు టన్నులు ఎక్కువ వేసుకుంటే కిరాయి బాగా ఇస్తామని కొత్తవారినే అడుగుతారు. 2019 సవరణ చట్టం ప్రకారం అధిక లోడు జరిమానా 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2,000. కాటా చీటీ చూడకుండా యార్డు గేటు దాటవద్దు.

మిర్యాలగూడ ఓనరు:
పెట్టుబడి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, నాకు మా బావగారి సాయం ఉంది. కానీ ఆఫీసు అడ్వాన్సుకు అలవాటుపడినవాడు రెండో ఏడాది కూడా అక్కడే ఉండిపోవడం నేను చూశాను. ఎప్పటికి బయటపడాలో ముందే ఒక గడువు పెట్టుకోవాలి.

పది టైర్ల బండి, గుంటూరు:
ఇద్దరికీ ధన్యవాదాలు. గురువారం చెన్నైకి మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తుతున్నాను. ఈసారి సరుకు దింపాక ఒక రోజు ఆగి గోడౌన్లు తిరుగుతాను. చెన్నై అన్నగారూ, మొదటిసారి కలిసినప్పుడు కిరాయి మాట మనమే ఎత్తాలా, వారు అడిగేదాకా ఆగాలా?

గుంటూరు–చెన్నై లైను:
ఆగండి. ముందు వారి సరుకు ఏ రోజున, ఎక్కడికి పోతుందో అడిగి రాసుకోండి. తిరిగి ఏ రోజున చెన్నైలో ఉంటారో చెప్పి, ఆ రోజున తప్పకుండా వెళ్లండి.